కొట్టివేసిన ‘బహుశా’
కెల్టు తెగల పేర్లు చెప్పేదెంత, మనం చెప్పించేదెంత?

చాలా ఏళ్ల కిందట ఒక పత్రిక కోసం ప్రాచీన కెల్టు తెగల గురించిన ఇంగ్లీషు వ్యాసం ఒకటి అనువదించాను. వ్యాసం చివర ఒక పట్టిక ఉంది. ఎడమవైపు తెగ పేరు, కుడివైపు దాని అర్థం. మూలంలో చాలా అర్థాల పక్కన ‘బహుశా’, ‘కావచ్చు’, ‘కొందరి అభిప్రాయం’ అని ఉన్నాయి. ఒక్కటీ వదలకుండా తెలుగులో రాసి పంపాను. అచ్చయిన ప్రతిలో ఒక్కటీ లేదు. చోటు చాలక తీసేశామన్నారు.

మరుసటి నెల ఒక హైస్కూలు మాస్టారు ఉత్తరం రాశారు. “బోయీ అంటే ఆవులు గలవారు అని రాశారు. మా లైబ్రరీలో ఉన్న పుస్తకంలో యోధులు అని ఉంది. పిల్లలకు ఏది చెప్పమంటారు?” నా దగ్గర ఉన్న నిజాయితీ గల జవాబు ఒకటే: రెండూ ఊహలే, ఆ సంగతి మూలంలో ఉంది, అచ్చులో పోయింది.

చిన్న మాట పోతే ఏమిటి నష్టం అనిపించవచ్చు. కానీ ఆ మాటతో పాటు ఒక శాస్త్రం పద్ధతి అంతా పోయింది. పేర్ల వ్యుత్పత్తి చెప్పడం జోస్యం కాదు. దానికి నియమాలున్నాయి, సాక్ష్యాలున్నాయి, హద్దులున్నాయి. కెల్టు తెగల పేర్లు ఈ మూడింటినీ చూపడానికి మంచి ఉదాహరణ.

పేర్లు మనదాకా ఎలా వచ్చాయి?

క్రీస్తుకు పూర్వం చివరి శతాబ్దాల్లో నేటి ఫ్రాన్సు, బెల్జియం, స్విట్జర్లాండు, బ్రిటన్, స్పెయిన్‌లో కొంత భాగం, డాన్యూబ్ నది వెంట మధ్య యూరప్, అక్కడి నుంచి టర్కీ వరకు కెల్టిక్ భాషలు మాట్లాడే జనం ఉండేవారు. వారి శాసనాలు కొన్ని దొరికాయి గాని, తమ చరిత్రను తామే రాసుకున్న గ్రంథం ఒక్కటీ లేదు. తెగల పేర్లు ఎక్కువగా పరాయివారి రాతల్లోంచే వచ్చాయి. క్రీ.పూ. 58 నుంచి గాల్ దేశంలో యుద్ధాలు చేసిన జూలియస్ సీజర్, క్రీ.శ. మొదటి శతాబ్దపు ప్లినీ, రెండవ శతాబ్దపు భూగోళకారుడు టాలమీ ఇందులో ముఖ్యులు. సీజర్ చాలా విషయాలు దుబాసీల ద్వారా విన్నాడు. టాలమీ గ్రంథం శతాబ్దాల పాటు చేతిరాతలో నకలు మీద నకలుగా సాగింది. విన్నచోట కొంత, రాసినచోట కొంత మార్పు జరగక మానదు.

ఒక ఉదాహరణ. తూర్పు ఇంగ్లండులో రోమన్లపై తిరుగుబాటు నడిపిన రాణి బుడికా తెగను టాసిటస్ ‘ఇకేనీ’ అన్నాడు. అంతకు వంద సంవత్సరాలకు పైగా ముందు సీజర్ తనకు లొంగిన తెగల్లో ‘కెనిమాగ్నీ’ని పేర్కొన్నాడు. ఈ రెండూ ఒకటేనా? ఆ ప్రాంతంలో దొరికిన నాణేలపై ‘ఎకెన్’ అన్న అక్షరాలున్నాయి. ఒకటే కావచ్చునని చాలామంది భావిస్తారు. అంటే అర్థం సంగతి తరువాత, ముందు పేరేమిటో తేల్చుకోవడమే ఒక పని.

మరో చిక్కు ‘తెగ’ అన్న మాటలోనే ఉంది. తెగ అనగానే మన పాఠకుడికి అడవి, గూడెం మనసులో మెదులుతాయి. సీజర్ వాడిన లాటిన్ మాటకు పౌరసమాజం, రాజ్యం అన్న అర్థం ఉంది. ఏడూయీ అనే ‘తెగ’ ఏటేటా ఒక ప్రధానాధికారిని ఎన్నుకునేది. హెల్వేటీల శిబిరంలో గ్రీకు లిపిలో రాసిన జనాభా పట్టికలు దొరికాయని, మిత్ర తెగలతో కలిపి 3,68,000 మంది లెక్క తేలిందని సీజర్ రాశాడు. ఆ సంఖ్యను అలాగే నమ్మనక్కరలేదు. కానీ పట్టికలు రాసుకునే జనాన్ని ‘తెగ’ అన్నప్పుడు అనువాదకుడు ఒక క్షణం ఆగాలి. వేరే మాట దొరక్క నేనూ ఇక్కడ అదే వాడుతున్నాను.

ఈ పేర్లు చచ్చిపోలేదు. రోమన్ల పాలన చివరి దశలో గాల్‌లోని అనేక పట్టణాల అసలు పేర్లు మరుగునపడి, అక్కడి తెగల పేర్లే పట్టణాలకు నిలిచాయి. లుటీషియా పోయి పారిసీల పేరుతో పారిస్ మిగిలింది. రెమీల నుంచి రాన్స్, అంబియానీల నుంచి అమియా, లెమోవికేల నుంచి లిమోజ్, ట్రెవెరీల నుంచి జర్మనీలోని ట్రియర్ వచ్చాయి.

గట్టి నేల

కొన్ని పేర్ల అర్థం దాదాపు నిస్సందేహం. నైరుతి ఫ్రాన్సులోని పెట్రుకోరీలనే తీసుకుందాం. నేటి పెరిగో పట్టణం పేరు వారిదే. ‘పెట్రు’ అంటే నాలుగు, ‘కోరియో’ అంటే సైన్యం లేదా దండు. కలిపితే ‘నాలుగు దండులవారు’.

ఇది నమ్మదగినదని ఎలా తెలుసు? మొదటిది, ధ్వనుల మార్పు నియమబద్ధంగా ఉంది. ఇండో-యూరోపియన్ మూలభాషలోని ‘క్వ’ ధ్వని గాల్ భాషలో ‘ప’ అయింది. సంస్కృతంలో అదే ధ్వని కొన్నిచోట్ల ‘చ’ అయింది. అందుకే సంస్కృత ‘చతుర్’కు గాల్ భాషలో ‘పెట్రు’, నేటి వెల్ష్‌లో ‘పెద్వార్’ జ్ఞాతులు. రెండవది, ఈ ముక్కలు వేరేచోట్ల కూడా కనిపిస్తాయి. ఆల్ప్స్ ప్రాంతంలో ట్రికోరీలు అనే మరో తెగ ఉంది. అంటే ‘మూడు దండులవారు’. ఒకే అచ్చులో రెండు పేర్లు రావడం యాదృచ్ఛికం కాదు.

అల్లోబ్రోగులది ఇంకా బలమైన కేసు. ‘అల్లో’ అంటే వేరొక, ‘బ్రోగ్’ అంటే నేల, సీమ. ‘వేరే సీమనుంచి వచ్చినవారు’. ఈ అర్థం నేటి పండితులు కల్పించింది కాదు. రోమన్ కవి జువెనాల్‌కు రాసిన ఒక ప్రాచీన వ్యాఖ్యలోనే, గాల్ జనం పొలాన్ని ఇలా అంటారు, మరొకదాన్ని ఇలా అంటారు అని విడదీసి చెప్పారు. బయటి సాక్ష్యం ఉన్న వ్యుత్పత్తి అంటే ఇది.

అర్థానికి భూగోళం సాక్ష్యం పలికే పేర్లూ ఉన్నాయి. ‘అరెమోరికీ’ అంటే సముద్రం పక్కనున్నవారు. మహాసముద్రపు ఒడ్డునున్న రాజ్యాలను ఆ పేరుతో పిలుస్తారని సీజరే రాశాడు. అంబర్రీలు ‘అరార్’ నదికి, అంటే నేటి సోన్ నదికి, ఇరువైపులా ఉన్నవారని పేరును విడదీస్తారు. వారు ఉన్నది ఆ నది ప్రాంతమే.

అయితే గట్టి నేల మీద కూడా ఒక గీత ఉంది. పెట్రుకోరీ అంటే నాలుగు దండులని తెలుసు. ఆ నాలుగు ఏవి? నాలుగు చిన్న తెగలు కలిసి ఒక కూటమి కట్టాయా? అలా జరిగి ఉంటే పేరు చక్కగా సరిపోతుంది. కానీ దానికి రాతపూర్వకమైన ఆధారం లేదు. మాట అర్థం రుజువైంది, చరిత్ర రుజువు కాలేదు. చాలా వ్యాసాలు ఈ గీత దాటుతున్నట్టు కూడా గమనించకుండా దాటుతాయి.

అర్థం తెలుసు, కారణం తెలియదు

రెండవ రకం పేర్లలో మాట స్పష్టమే, అది ఎందుకు పెట్టుకున్నారో స్పష్టం కాదు. లెమోవికేలు అంటే ‘ఎల్మ్ చెట్టు యోధులు’. ఎల్మ్ కర్రతో చేసిన ఆయుధాలు పట్టేవారా? ఆ చెట్టు వారికి పవిత్రమా? ఆ చెట్ల మధ్య నివసించేవారా? మాట మూడింటికీ ఒప్పుకుంటుంది.

ఎబురోనులు నేటి బెల్జియం ప్రాంతపువారు. ‘ఎబురోస్’ అంటే యూ అనే విషవృక్షం. వారి ఇద్దరు రాజుల్లో ఒకడైన కటువోల్కుస్ ఓటమి తరువాత యూ చెట్టు విషంతో ప్రాణం తీసుకున్నాడని సీజర్ రాశాడు. చెట్టు పేరు గల తెగ రాజు ఆ చెట్టుతోనే చనిపోవడం చదవగానే ఒళ్లు జలదరిస్తుంది. అక్కడే జాగ్రత్తపడాలి. ఆ చావు చెట్టుకూ తెగకూ ఉన్న పవిత్ర బంధానికి గుర్తు అన్నవారున్నారు. అందుబాటులో ఉన్న విషం అది అన్నా సరిపోతుంది. పైగా ఆ పేరు జర్మానిక్ భాషల్లోని అడవిపంది మాటకు సంబంధించినదన్న వాదమూ ఒకటుంది.

ఉత్తర ఇంగ్లండు బ్రిగాంటులదీ ఇదే పరిస్థితి. ఆ మాటకు ‘ఉన్నతులు’ అని అర్థం. మన ‘బృహత్’ దానికి జ్ఞాతి. కొండల మీద ఉన్నారు గనుక ఉన్నతులా, గొప్పవారమని చెప్పుకున్నారు గనుక ఉన్నతులా? పేరు చెప్పదు. స్కాట్లండు పడమటి తీరాన ఉన్న ఎపిదీలు ‘గుర్రం’వారు. సంస్కృత ‘అశ్వ’కు గాల్ ‘ఎపో’ జ్ఞాతి. గుర్రాలు పెంచేవారా, గుర్రపు దేవతను కొలిచేవారా? ఇలాంటి జంతువుల పేర్లన్నిటినీ కులచిహ్నాలుగా చూపించి ఒక మతాన్నే నిర్మించిన పండితులు గత శతాబ్దంలో ఉన్నారు. పేరు తప్ప వేరే ఆధారం లేని మతం అది.

జారుడు నేల

మూడవ రకంలో మాటే తేలదు. మాస్టారు అడిగిన బోయీలు ఇక్కడివారు. ఆవును తెలిపే ‘గో’ మాటకు కెల్టిక్‌లో ‘బౌ’ జ్ఞాతి. దాని నుంచి ‘పశుసంపద గలవారు’ అంటారు కొందరు. కొట్టడం అనే అర్థం గల వేరే ధాతువు నుంచి ‘యోధులు’ అంటారు మరికొందరు. పేరు మరీ చిన్నది. చిన్న పేరుకు ఎన్ని ధాతువులైనా అతుకుతాయి. వ్యుత్పత్తి శాస్త్రంలో ఇది మొదటి పాఠం: పేరు పొట్టిదైన కొద్దీ అనుమానం పొడుగవ్వాలి.

పారిసీల పేరుకు వెల్ష్ మాటల సాయంతో కనీసం మూడు అర్థాలు చెప్పారు. వంటపాత్ర మాటతో కలిపితే ‘కొప్పెరవారు’, ఈటె మాటతో కలిపితే ‘ఈటెలవారు’, చేయించడం అనే క్రియతో కలిపితే ‘ఆజ్ఞాపించేవారు’. మూడూ ధ్వనుల లెక్కలో కుదురుతాయి. ఏది నిజమో తేల్చే బయటి సాక్ష్యం లేదు. పర్యాటకుల పుస్తకాలు మాత్రం తమకు నచ్చినది ఒకటి ఎంచుకుని ముగిస్తాయి.

అంతెందుకు, ‘కెల్టు’ అన్న మాటకే అర్థం తేలలేదు. తమ భాషలో తమను కెల్టే అనుకుంటారని, రోమన్లు గాలీ అంటారని సీజర్ రాశాడు. ‘ఉన్నతులు’, ‘దాగినవారు’, ‘కొట్టేవారు’ అంటూ వేర్వేరు ధాతువులు సూచించారు. ఒక జాతి మొత్తానికి తగిలించిన పేరు గురించే పండితులు చేతులు కట్టుకుని నిలబడితే, ప్రతి చిన్న తెగ పేరుకూ ఒక్క మాటలో అర్థం చెప్పే పట్టికను ఎంతవరకు నమ్మాలో పాఠకులే ఆలోచించాలి.

పేరు ఒకచోట, జనం మరొకచోట

పేరు ఒకటైతే జనం ఒకటేనా? కొన్నిసార్లు అవును. టెక్టోసాగులు దక్షిణ ఫ్రాన్సులో టులూజ్ వద్ద ఉన్నారు, టర్కీలో అంకారా వద్ద కూడా ఉన్నారు. క్రీ.పూ. 278 ప్రాంతంలో కెల్టు దండులు ఆసియా మైనరులోకి దాటిన చరిత్ర ఉంది గనుక ఈ సంబంధం నిలుస్తుంది. అది ఎలాంటి బంధుత్వమన్నది వేరే ప్రశ్న.

వెనెటీల విషయం వేరు. బ్రిటనీ తీరంలో వెనెటీలున్నారు, నేటి వాన్ పట్టణం వారిదే. ఏడ్రియాటిక్ తీరాన వెనెటీలున్నారు, వెనిస్ పేరులో వారే మిగిలారు. తూర్పున విస్టులా నది వైపు మరో వెనెటీలున్నారు. ఏడ్రియాటిక్ వెనెటీల శాసనాల భాష కెల్టిక్ కాదు. ‘ఇష్టపడు’, ‘కోరు’ అనే ధాతువు నుంచి ‘ఆప్తులు’, ‘మిత్రులు’ అనే అర్థంలో ఈ పేరు వేర్వేరుచోట్ల వేర్వేరుగా పుట్టి ఉండవచ్చు. సంస్కృత ‘వన్’ ధాతువు దానికి జ్ఞాతి. తమను తాము మంచివాళ్లమని చెప్పుకోవడానికి ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కరలేదు.

యార్క్‌షైర్ తీరాన టాలమీ ఒక పారిసీని చూపించాడు. అదే ప్రాంతంలో రథంతో సహా పాతిపెట్టిన సమాధులు దొరికాయి. ఉత్తర ఫ్రాన్సులోనూ రథసమాధులున్నాయి. పేరూ కలిసింది, ఆచారమూ కలిసింది, వలస రుజువైందని చాలాకాలం రాశారు. కానీ సమాధుల తీరులో తేడాలున్నాయి. వెట్‌వాంగ్ వంటి చోట్ల ఎముకలు, పళ్లపై జరిపిన ఐసోటోపు పరీక్షలు అక్కడ ఖననమైనవారిలో ఎక్కువమంది స్థానికులేనని సూచించాయి. ఆచారం, పేరు, మనుషులు మూడూ ఒకే పడవలో ప్రయాణించాలన్న నియమం లేదు.

అన్నిటికంటే విచిత్రమైన ప్రయాణం వోల్కే అనే తెగ పేరుది. పొరుగున ఉన్న జర్మానిక్ జనం ఈ పేరును కెల్టులందరికీ, ఆపైన లాటిన్ మాట్లాడేవారికీ, చివరకు ‘పరాయివాడు’ అనే అర్థంలో వాడారు. ‘వెల్ష్’, ‘వేల్స్’, బెల్జియం ‘వాలూన్’, రుమేనియాలోని ‘వలాకియా’ అన్నీ ఆ మాట సంతానమే. అంగళ్లలో వాల్‌నట్ పేరుతో అమ్మే అక్రోటుకాయ అసలు అర్థం పరాయిదేశపు కాయ! వేల్స్ జనం మాత్రం తమను ‘కమ్రి’ అనుకుంటారు. అది ‘కొంబ్రోగీ’ అన్న పాత మాట నుంచి వచ్చింది. ‘ఒకే సీమవాళ్లం’ అని అర్థం. అల్లోబ్రోగులలో చూసిన బ్రోగ్ ఇదే. పొరుగువాడు పరాయివాళ్లన్న జనం తమను సాటి సీమవాళ్లుగా చెప్పుకుంటున్నారు. పేరు ఎవరు పెట్టారన్నది అర్థం కన్నా ముందు అడగవలసిన ప్రశ్న.

పుస్తకాలు ఏమంటున్నాయి?

ఈ రంగంలో మంచి పుస్తకాలు లేక కాదు. జేవియర్ డెలమార్ గాల్ భాషా నిఘంటువు (2001, రెండవ కూర్పు 2003) ఒక్కొక్క మాటకు ఆధారాలు, జ్ఞాతులు, పోటీ వాదాలు పక్కపక్కన పెడుతుంది. దాన్ని ఉపయోగించేవారే మొదటి వాక్యం చదివి పుస్తకం మూసేస్తారు. నిఘంటువుకు ఉన్న ప్రమాదం అదే. అక్షరక్రమంలో పెట్టగానే గట్టి మాట, బలహీనమైన మాట ఒకే బరువుతో కనిపిస్తాయి. పేర్ల ఆధారంగా తయారైన అర్థాన్నే మళ్లీ పేర్లకు ఆధారంగా చూపే అవకాశమూ ఉంది.

పాట్రిక్ సిమ్స్-విలియమ్స్ 2006లో యూరప్, ఆసియా మైనర్ల ప్రాచీన కెల్టిక్ స్థలనామాలపై వెలువరించిన గ్రంథం ఇందుకు విరుగుడు. ఆయన పేర్లను విడివిడిగా మెచ్చుకోడు. ప్రాచీన ప్రపంచపు పటంలో అవి ఎక్కడ గుమిగూడాయో, ఎక్కడ పలచబడ్డాయో చూస్తాడు. కెల్టిక్‌లా కనబడే పేరు ఒక్కటి ఒకచోట ఉంటే అది పోలిక మాత్రమే కావచ్చు. అలాంటివి వరుసగా ఉంటేనే సాక్ష్యం. పేర్ల అధ్యయనాన్ని గణాంకాల దారిలో పెట్టిన పని ఇది. చదవడానికి కథలా ఉండదు. అందుకే జనాదరణ పొందలేదు.

కథలా ఉండే పుస్తకాలు వేరే ఉన్నాయి. బారీ కన్‌లిఫ్, జాన్ కోక్ సంపాదకత్వంలో 2010లో వచ్చిన సంకలనం కెల్టిక్ భాషలు అట్లాంటిక్ తీరంలో పుట్టి తూర్పుకు వ్యాపించాయన్న వాదాన్ని ముందుకు తెచ్చింది. సిమ్స్-విలియమ్స్ 2020లో దాన్నీ, మధ్య యూరప్ పుట్టుక అన్న పాతవాదాన్నీ కాదని, గాల్ ప్రాంతాన్ని సూచించాడు. ప్రాచీన డీఎన్ఏ పరిశోధకులు 2021 డిసెంబరులో క్రీ.పూ. 1000-875 మధ్య ఐరోపా ప్రధాన భూభాగం నుంచి దక్షిణ బ్రిటన్‌కు పెద్ద వలస జరిగిందని వెల్లడించారు. కెల్టిక్ భాష దానితోనే వచ్చి ఉండవచ్చునని సూచించారు. ఇది విలువైన సమాచారం. కానీ ఎముకలో భాష ఉండదు, తెగ పేరు అసలే ఉండదు. పైగా పురావస్తు శాస్త్రవేత్త సైమన్ జేమ్స్ 1999లో గుర్తుచేసినట్టు, బ్రిటన్, ఐర్లండు జనాన్ని ప్రాచీనులెవరూ కెల్టులనలేదు. 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ గ్రంథం భాషల పోలికను చూపిన తరువాతే ఆ పేరు అక్కడ స్థిరపడింది.

ద్రూయిడ్, ద్రవిడ

ఈ గొడవ మనకెందుకు అనుకోవద్దు. కెల్టుల పూజారులైన ద్రూయిడ్‌లు ‘ద్రవిడు’లేనని, భారతదేశం నుంచి వెళ్లినవారని చెప్పే కరపత్రాలు మన దగ్గరా కనిపిస్తాయి. ద్రూయిడ్‌లు భారతదేశం నుంచి వలస వెళ్లినవారి పూజారులని గాడ్‌ఫ్రే హిగిన్స్ అనే ఇంగ్లీషు రచయిత 1820ల చివరలోనే పుస్తకం రాశాడు.

పైన చెప్పిన పరీక్షలు దీనికీ పెట్టి చూద్దాం. ద్రూయిడ్ మాటలో రెండవ భాగం ‘విద్’, తెలుసుకోవడం. మన ‘విద్య’లోని ధాతువే. మొదటి భాగం చెట్టు లేదా ‘దృఢమైన’ అనే అర్థం గలది. సంస్కృత ‘దారు’ దాని జ్ఞాతి. ‘ద్రవిడ’ మాటలో ‘విద్’ లేదు. అందులోని ‘డ’ వేరు ధ్వని. ప్రాకృత ‘దమిళ’ వంటి రూపాలతో కలిపి చూస్తే అది ‘తమిళ’ అన్న పేరుకు దగ్గరి చుట్టం. పైకి ఒకేలా వినిపించే ఈ రెంటికీ సంబంధం లేదు. వినడానికి ఏ పోలికా లేని ‘చతుర్’, ‘పెట్రు’లకు ఉంది. చెవి చెప్పేదానికీ శాస్త్రం చెప్పేదానికీ తేడా ఇక్కడే.

మన పేరు సంగతీ చూసుకోవాలి. ‘త్రిలింగ’ నుంచి ‘తెలుగు’ వచ్చిందని, శ్రీశైలం, కాళేశ్వరం, దాక్షారామం ఆ మూడు లింగాలని 14వ శతాబ్దపు ‘ప్రతాపరుద్రీయం’ కాలం నుంచి వింటున్నాం. ఇది ఉన్న దేశిపేరును సంస్కృతీకరించడమేనని పలువురు భాషావేత్తల అభిప్రాయం. దక్షిణాన్ని తెలిపే ‘తెన్’ నుంచి ‘తెనుగు’ అన్న వాదం మరొకటి. మన సొంత పేరుకే రెండు మూడు ‘బహుశా’లు అవసరమైనప్పుడు, రెండువేల ఏళ్ల కిందట వేరే ఖండంలో పరాయివారు రాసిపెట్టిన పేర్లకు ఒక్కటీ అక్కరలేదా?

పట్టిక మళ్లీ రాస్తే

నా పాత పట్టికను ఈ రోజు మళ్లీ రాయవలసివస్తే రెండు గళ్లు చాలవు, నాలుగు గీస్తాను. పేరు, దాని మొదటి సాక్ష్యం, అర్థం, ఆ అర్థాన్ని ఎంత నమ్మవచ్చు. అల్లోబ్రోగుల ఎదురుగా ‘వేరే సీమవారు, ప్రాచీన వ్యాఖ్య సాక్ష్యం ఉంది’ అని రాస్తాను. పెట్రుకోరీల ఎదురుగా ‘నాలుగు దండులు, మాట ఖాయం, చరిత్ర ఊహ’ అని. ఎబురోనుల ఎదురుగా ‘యూ చెట్టువారు కావచ్చు, కారణం తెలియదు’ అని. పారిసీల ఎదురుగా ‘మూడు వాదాలు’ అని. బోయీల ఎదురుగా ‘ఆవులవారు లేదా యోధులు, తేలలేదు’ అని.

మాస్టారికి అప్పట్లో రాసిన జవాబులో క్షమాపణే ఎక్కువ, సమాచారం తక్కువ. పిల్లలకు ఏది చెప్పమంటారన్న ఆయన ప్రశ్నకు ఇప్పటి జవాబు ఇది: రెండూ చెప్పండి. ఏది ఎందుకు తేలలేదో కూడా చెప్పండి. ఆ వివరణకు తరగతిలో పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లో పిల్లలు నేర్చుకునేది ఒక తెగ పేరుకన్నా ఎక్కువే. ఇక పత్రికలో చోటు చాలకపోతే, పట్టికలో రెండు పేర్లు తగ్గించవచ్చు. ‘బహుశా’ను మాత్రం ఉండనివ్వాలి.